పక్క సీటు ధర

సంక్రాంతికి రెండు రోజుల ముందు హైదరాబాద్ నుంచి విశాఖపట్నానికి విమానం టికెట్ ఎంతుందో చూడండి. అదే రోజు విశాఖ నుంచి హైదరాబాద్‌కు ఎంతుందో కూడా చూడండి. చాలాసార్లు వెళ్లేదీ వచ్చేదీ ఒకే విమానం. అదే దూరం, అవే ఇంజన్లు, అదే సిబ్బంది, ఇంచుమించు అంతే ఇంధనం. అయినా ఊరికి పోయే టికెట్ చూస్తే గుండె గుభేలుమంటుంది. నగరానికి వచ్చే టికెట్ మాత్రం మామూలు రోజు ధరకో, అంతకన్నా తక్కువకో దొరుకుతుంది. కనుమ దాటగానే లెక్క తిరగబడుతుంది.

టికెట్ మీది అంకెకీ, ఆ ప్రయాణానికి అయ్యే ఖర్చుకీ ఉన్న చుట్టరికం మనం అనుకున్నంత దగ్గరిది కాదన్నమాట. విమానం ఒకసారి షెడ్యూల్లోకి ఎక్కాక ఇంధనం, జీతాలు, విమానం అద్దె, ల్యాండింగ్ ఫీజు దాదాపు ఖాయమైపోతాయి. నూట యాభయ్యో ప్రయాణికుడు ఎక్కినందువల్ల అదనంగా అయ్యే ఖర్చు బహు స్వల్పం. ఇక తలుపు మూసేసరికి ఖాళీగా మిగిలిన సీటుకు విలువే లేదు, దాన్ని రేపటికి దాచుకోలేరు. హోటల్ గదిదీ ఇదే గతి. ఈ రాత్రి అమ్ముడుపోని గదిని రేపు రాత్రి రెండుసార్లు అమ్మలేరు.

నిలవ ఉండని సరుకుకు ఏమవుతుందో రైతుబజారుకు వెళ్లేవాళ్లందరికీ తెలుసు. పొద్దు వాలేకొద్దీ టమాటా ధర దిగుతుంది. విమానం సీటు కూడా నిలవ ఉండని సరుకే. కానీ బయలుదేరే వేళ దగ్గరపడేకొద్దీ దాని ధర సాధారణంగా పెరుగుతుంది. ఎందుకు? దీనికి జవాబు తెలిస్తే చవకగా తిరిగే విద్యలో ముప్పాతిక వంతు వచ్చినట్టే.

పైకప్పు లేని రైలుపెట్టె

ఈ జవాబులో సగాన్ని విమానాలు పుట్టకముందే రాసిపెట్టినవాడు జూల్ డ్యుపుయి అనే ఫ్రెంచి ఇంజనీరు. రోడ్లు, వంతెనలు కట్టించే ప్రభుత్వ శాఖలో పనిచేసేవాడు. సుంకాలు, రవాణా ఛార్జీల మీద 1849లో రాసిన వ్యాసంలో ఆయన రైళ్ల మూడో తరగతి పెట్టెల సంగతి ఎత్తాడు. వాటిలో కొన్నిటికి పైకప్పు ఉండేది కాదు, కూర్చోవడానికి చెక్క బల్లలే. కప్పు వెయ్యడానికి కంపెనీకి డబ్బు లేకనా? కాదంటాడు డ్యుపుయి. కప్పు వేస్తే, రెండో తరగతి ఛార్జీ ఇచ్చుకోగలిగినవాళ్లు కూడా మూడో తరగతిలోకి దిగిపోతారు. పేదవాణ్ణి తడపడం కంపెనీకి సరదా కాదు. డబ్బున్నవాడు అటు రాకుండా భయపెట్టడమే దాని ఉద్దేశం.

ఒకే సరుకును ఒక్కొక్కరికి ఒక్కో ధరకు అమ్మాలంటే అమ్మేవాడికి రెండు కావాలి. ఎవరు ఎంత ఇవ్వగలరో పసిగట్టే మార్గం ఒకటి. ఎక్కువ ఇవ్వగలిగినవాడు తక్కువ ధర వైపు దూకకుండా ఒక కంచె రెండోది. మొహం చూసి జేబు బరువు చెప్పలేం కాబట్టి, కంచెలు వేసి ఎవరు ఎటువైపు నిలబడతారో వాళ్లనే తేల్చుకోనిస్తారు.

ముందుగా కొనాలన్న షరతు అలాంటి కంచె. ఆఫీసు పని మీద వెళ్లేవాడికి ఎల్లుండి మీటింగ్ ఉందని ఈరోజు తెలుస్తుంది. టికెట్ డబ్బు కంపెనీది. సరదాకి వెళ్లేవాడికి రెండు మూడు నెలల ముందే తెలుసు. డబ్బు సొంతం. అమెరికన్ సంస్థలు చాలాకాలం వాడిన మరో కంచె శనివారం రాత్రి. వెళ్లిన ఊళ్లో శనివారం రాత్రి గడిపి తిరిగొస్తేనే తక్కువ ఛార్జీ. పని మీద వెళ్లినవాడు శుక్రవారం సాయంత్రానికల్లా ఇల్లు చేరాలనుకుంటాడు కదా! మన దేశీయ టికెట్లు ఎక్కువగా రాకకీ పోకకీ విడివిడిగా అమ్ముతారు కాబట్టి ఆ షరతు ఇక్కడ కనబడదు. ఇక్కడి కంచెలు తేదీ, వేళ, లగేజీ, టికెట్ మార్చుకునే వీలు. రద్దు చేసుకుంటే చిల్లర మాత్రమే తిరిగొచ్చే చవక టికెట్టూ, సీటు ఎంచుకోవాలంటే అదనంగా కట్టమనే టికెట్టూ ఆ కప్పులేని పెట్టెకు వారసులే.

చవక టికెట్‌తో అంటగట్టే ఇబ్బందుల్లో మీకు నిజంగా ఇబ్బంది కానివి ఏవో ముందు తేల్చుకోవాలి. ఏడు కిలోల చేతి బ్యాగుతో మూడు రోజులు గడపగలిగితే లగేజీ షరతు మిమ్మల్ని ఆపే కంచె కాదు. తెల్లవారుజామున లేవడం అలవాటైతే, ఎవరికీ అక్కర్లేని ఆ తొలి విమానం మీకోసమే. అయితే ఆ వేళకు శంషాబాద్ చేరడానికి క్యాబ్‌కు ఎంతవుతుందో, పుష్పక్ బస్సు దొరుకుతుందో లేదో కూడా లెక్కలో వెయ్యాలి. టికెట్‌లో మిగిలింది క్యాబ్‌లో పోతే లాభమేముంది?

నాలుగు వేలా, పది వేలా?

జవాబులో రెండో సగం లండన్‌లో తేలింది. 1970ల మొదట్లో బీవోఏసీ, అంటే తర్వాత బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో కలిసిపోయిన సంస్థ, కనీసం 21 రోజుల ముందు కొనేవారికి తగ్గింపు ధర పెట్టింది. ఖాళీ సీట్లు నిండాయి. కానీ కొత్త చిక్కు వచ్చింది. చవక సీట్లు ఎన్ని అమ్మాలి? మరీ ఎక్కువ అమ్మితే, చివర్లో పూర్తి ధర పెట్టి కొనడానికి వచ్చినవాడికి సీటుండదు. మరీ తక్కువ అమ్మితే సీట్లు ఖాళీగా ఎగిరిపోతాయి. ఆ సంస్థలో పనిచేసే కెన్ లిటిల్‌వుడ్ 1972లో దీనికొక సూత్రం చెప్పాడు. కాలేజీలో సంభావ్యత పాఠం విన్నవాళ్లందరికీ అర్థమయ్యేంత తేలికైన సూత్రం.

ఊహాజనితమైన అంకెలతో చూద్దాం. విమానంలో 180 సీట్లు. ముందుగా కొనేవాడికి 4,000 రూపాయలు, చివర్లో కొనేవాడికి 10,000. పాత లెక్కల్ని బట్టి, చివర్లో కొనేవాళ్లు కనీసం 30 మంది వచ్చే అవకాశం 60 శాతం, కనీసం 40 మంది వచ్చే అవకాశం 40 శాతం, కనీసం 50 మంది వచ్చే అవకాశం 20 శాతం అనుకుందాం. ముప్ఫయ్యో సీటును వాళ్లకోసం అట్టే పెడితే సగటున వచ్చేది 10,000లో 60 శాతం, అంటే 6,000. ఇప్పుడే అమ్మితే 4,000. కాబట్టి అట్టే పెట్టడమే మేలు. యాభయ్యో సీటుకు సగటున వచ్చేది 2,000, దాన్ని ఇప్పుడే అమ్మెయ్యాలి. నలభయ్యో సీటు దగ్గర రెండూ సరిసమానం. కనుక 40 సీట్లు దాచి, 140 సీట్లు చవకగా అమ్మాలి.

మనకు పనికొచ్చే విషయాలు ఈ చిన్న లెక్కలోనే ఉన్నాయి. చవక సీట్ల సంఖ్యను నిర్ణయించేది మనం కాదు, మన తర్వాత రాబోయే తొందరగాళ్లు. వాళ్లు ఎక్కువమంది వస్తారని సంస్థ అంచనా వేస్తే, మనం ఎంత ముందుగా వెళ్లినా చవక సీటు తెరుచుకోదు. సంక్రాంతి ముందు ఊరి దిక్కున అయ్యేది ఇదే. ఎంత పెట్టయినా కొనేవాళ్లు విమానం నిండా ఉంటారని పాత ఏళ్ల లెక్క చెబుతుంటే చవకగా అమ్మడం దేనికి? అందుకే 'ముందుగా కొంటే చవక' అన్నది పండగ రోజులకు సగమే నిజం. ముందుగా కొంటే మరీ దారుణమైన ధర తప్పుతుంది, అంతే. ఆ రోజుల్లో నిజంగా చవకైనది ఎదురు దిక్కు ప్రయాణం. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలు హైదరాబాద్ వచ్చి పండగ చేసుకుంటే, ఖాళీగా వచ్చే ఆ విమానం వాళ్లదే.

టమాటాకూ సీటుకూ తేడా ఎక్కడుందో కూడా ఇప్పుడు చెప్పొచ్చు. సాయంత్రం రైతుబజారుకు వచ్చేది బేరగాళ్లు. విమానం కౌంటర్‌కు చివర్లో వచ్చేది గత్యంతరం లేనివాళ్లు. వాళ్లకు చివరి నిమిషంలో తగ్గించి అమ్మడం అలవాటు చేస్తే రేపటి నుంచి ఎవరూ ముందుగా కొనరు. ఖాళీ సీటుతో ఈ రోజు నష్టపోవడం కన్నా ఆ అలవాటు వల్ల వచ్చే నష్టమే పెద్దది.

లెక్క యుద్ధంగా మారిన కాలం

అమెరికాలో 1978 దాకా ఏ మార్గంలో ఎవరు ఎంత ఛార్జీ తీసుకోవాలో ప్రభుత్వ మండలి నిర్ణయించేది. ఆ ఏడాది అక్టోబరులో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఆ పట్టు సడలింది. 1981లో నూవర్క్ కేంద్రంగా పీపుల్ ఎక్స్‌ప్రెస్ అనే సంస్థ పుట్టుకొచ్చి, బస్సు ఛార్జీతో పోటీపడే ధరలకు జనాన్ని ఎక్కించుకుంది. పాత సంస్థల ఖర్చులతో ఆ ధరకు విమానమంతా అమ్మితే దివాలాయే. రాబర్ట్ క్రాండల్ నాయకత్వంలోని అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1985 జనవరిలో అల్టిమేట్ సూపర్ సేవర్ పేరుతో కొత్త ఛార్జీలు ప్రకటించింది. అవి పీపుల్ ఎక్స్‌ప్రెస్ ధరలతో సమానం, కానీ ముందుగా కొనేవారికే, పరిమితమైన సీట్లకే. మిగిలిన సీట్లు పాత ధరకే అమ్మారు. ఏ విమానంలో ఎన్ని చవక సీట్లు తెరవాలో కంప్యూటర్ తేల్చేది. విమానం నిండా ఒకే చవక ధర పెట్టిన పీపుల్ ఎక్స్‌ప్రెస్‌కు ఈ దెబ్బ తట్టుకునే సాధనం లేదు. 1987 కల్లా అది మరో సంస్థలో కలిసిపోయి పేరు లేకుండా పోయింది. ఈ పద్ధతి వల్ల మూడేళ్లలో 140 కోట్ల డాలర్ల లాభం వచ్చిందని అమెరికన్ నిపుణులు 1992లో లెక్కకట్టి ప్రచురించారు.

ఈ ధరల పద్ధతి ఫలితాన్ని సెవెరిన్ బోరెన్‌స్టైన్, నాన్సీ రోజ్ అనే ఆర్థికవేత్తలు 1994లో కొలిచి చూపారు. అమెరికాలో ఒక సంస్థ విమానాల్లో ఒకే మార్గంలో వెళ్లే ఏ ఇద్దరిని తీసుకున్నా, వాళ్లు కట్టిన ధరల మధ్య తేడా సగటున ఆ సంస్థ సగటు టికెట్‌లో 36 శాతం. అదే సమోసా తింటూ అదే కిటికీలోంచి చూసే పక్క సీటాయన మీకన్నా మూడో వంతు ఎక్కువ కట్టి ఉండటం వింత కాదు, సగటు.

మనదేశంలో ఈ లెక్కను సామాన్యుడి ముందుకు తెచ్చింది 2003లో మొదలైన ఎయిర్ డెక్కన్. కెప్టెన్ గోపీనాథ్ పెట్టిన ఆ సంస్థ రూపాయి టికెట్ ప్రకటిస్తే దేశం నోరు తెరిచింది. ఆయన జీవితం ఆధారంగా వచ్చిన సినిమాను 'ఆకాశం నీ హద్దురా' పేరుతో తెలుగువాళ్లు చూసే ఉంటారు. రూపాయి సీట్లు కొన్నే. లిటిల్‌వుడ్ లెక్క ప్రకారం ఎలాగూ ఖాళీగా పోయే సీటుకు రూపాయి వచ్చినా లాభమే, పైగా ఊరంతా ఉచితంగా ప్రచారం.

రెండే సీట్లున్నాయట!

ఇప్పుడు రెండు ధరలు కాదు, ఒక్క ఎకానమీలోనే పదికి పైగా ధరల మెట్లుంటాయి. ఒక్కొక్క మెట్టుకు ఒక ఇంగ్లీషు అక్షరం. వీటిని ఫేర్ క్లాసులంటారు. కింది మెట్టులో సీట్లు అయిపోగానే పై మెట్టు ధర తెర మీదికి వస్తుంది. 1987లో ఎంఐటీలో పీటర్ బెలోబాబా చేసిన పరిశోధన లిటిల్‌వుడ్ సూత్రాన్ని ఇన్ని మెట్లకు విస్తరించింది. 'ఈ ధరకు రెండే సీట్లున్నాయి' అని యాప్ బెదిరించినప్పుడు అది అబద్ధం కాకపోవచ్చు. కానీ దాని అర్థం విమానంలో రెండే సీట్లున్నాయని కాదు, ఆ మెట్టులో రెండున్నాయని. తొందరపెట్టడానికే అబద్ధపు గడువులు చూపించడం మాత్రం తప్పు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో నిషేధించిన 13 రకాల మోసపు ఎత్తుల్లో అదొకటి. అడక్కుండానే బీమానో, విరాళాన్నో బిల్లులో చేర్చడం మరొకటి. కాబట్టి డబ్బు కట్టే ముందు బిల్లులో ప్రతి వరుసా చదవాలి.

ఈ మెట్ల వల్ల కుటుంబాలకు తెలియకుండా జరిగే నష్టం ఒకటుంది. ఐదుగురికి కలిపి వెతికారనుకోండి. కింది మెట్టులో మూడే సీట్లుంటే, చాలా బుకింగ్ వ్యవస్థలు ఐదుగురికీ పై మెట్టు ధరే చూపిస్తాయి. ముందు ఒక్కరికి వెతికి ధర చూడండి, తర్వాత ఐదుగురికి. తేడా కనబడితే ముగ్గురికి ఒక టికెట్, ఇద్దరికి ఒక టికెట్ కొనవచ్చు. పిల్లలు పెద్దలతో ఒకే టికెట్ మీద ఉండేలా చూసుకోవాలి. విమానం రద్దయితే రెండు టికెట్లను సంస్థ రెండు కుటుంబాలుగా చూస్తుందని మరిచిపోకూడదు.

మరో సంగతి. ఒక పెద్ద అమెరికన్ సంస్థ లోపలి సమాచారంతో ఆలీ హోర్టాచ్సు, కెవిన్ విలియమ్స్ బృందం చేసిన అధ్యయనం 2024లో అచ్చయింది. ఆ సంస్థలో ధరల మెట్లు పెట్టే విభాగం ఒకటి, ఏ మెట్టులో ఎన్ని సీట్లో తేల్చే విభాగం ఇంకొకటి. ఒక విమానం ధర నిర్ణయించేటప్పుడు, గంట తర్వాత ఎగిరే తమ సొంత విమానం ధరను ఆ లెక్క పట్టించుకోవడం లేదని వాళ్లు చూశారు. సర్వశక్తిమంతమైన యంత్రమేదో మన మనసు చదివేస్తోందన్న భయానికి ఇది మంచి విరుగుడు. అదే రోజు, అదే సంస్థ విమానాలన్నీ వరసగా చూడడం వల్ల ఎందుకు లాభముంటుందో కూడా ఇది చెబుతుంది.

మంగళవారం మహిమ

మంగళవారం అర్ధరాత్రి కొంటే చవకని, ఒకే టికెట్ పదే పదే వెతికితే ధర పెంచేస్తారని, కాబట్టి బ్రౌజర్ ఇన్‌కాగ్నిటోలో పెట్టాలని చాలామంది నమ్మకం. రెండుసార్లు వెతికే మధ్యలో ధర మారేమాట నిజమే. ఆ నడుమ ఎవరో కింది మెట్టు సీటు కొనేసి ఉండొచ్చు. లేదా యాప్ మొదట చూపింది గంటల నాటి పాత ధర కావచ్చు. ఈ మార్పులకు మీ బ్రౌజర్ చరిత్రతో పనిలేదు.

వారంలో ఏ రోజు కొంటే చవకన్న సంగతి స్టీవెన్ పుల్లర్, లీసా టేలర్ 2012లో అమెరికా టికెట్ల మీద పరిశీలించారు. ప్రయాణం తేదీ, షరతులు వగైరా సమానంగా ఉన్నప్పుడు, శని ఆదివారాల్లో కొన్న టికెట్లు సుమారు 5 శాతం చవకగా తేలాయి. వారాంతంలో కొనేవాళ్లలో సరదా ప్రయాణికులే ఎక్కువ కావడం దీనికి కారణం కావచ్చని వాళ్ల వివరణ. మంగళవారం మహిమ ఏమీ కనబడలేదు. పైగా కొనే రోజుతో వచ్చే తేడా చిన్నది. ఎగిరే రోజుతో వచ్చే తేడా దానికి ఎన్నో రెట్లు. శుక్రవారం సాయంత్రం, ఆదివారం రాత్రి అందరూ కోరేవి. వారం మధ్యలో మధ్యాహ్నం వేళ ఎవరికీ పట్టనిది. గూగుల్ ఫ్లైట్స్ వంటి చోట నెల మొత్తం ధరలు క్యాలెండర్ మీద కనబడతాయి, ధర తగ్గితే కబురు పంపమని కూడా పెట్టుకోవచ్చు. ముందు తేదీ ఖాయం చేసుకుని ఆ తర్వాత టికెట్ వెతకడం కాక, ముందు క్యాలెండర్ చూసి ఆ తర్వాత సెలవు పెట్టడం. ఏ చిట్కా కన్నా ఈ వరుస మార్పే ఎక్కువ మిగులుస్తుంది.

దారి మారిస్తే

ధర దూరాన్ని బట్టి కన్నా పోటీని బట్టే ఎక్కువగా మారుతుంది. సౌత్‌వెస్ట్ అనే చవక సంస్థ ఒక ఊళ్లో దిగితే చుట్టుపక్కల విమానాశ్రయాల్లో కూడా ధరలు పడిపోవడాన్ని అమెరికా రవాణా శాఖ 1993లో గమనించి, దానికి సౌత్‌వెస్ట్ ప్రభావమని పేరు పెట్టింది. ఒక్క సంస్థే నడిపే మార్గంలో ఆ మేలు ఉండదు. అందుకే చిన్న ఊళ్లను కలపాలంటే ప్రభుత్వం కల్పించుకోవలసి వచ్చింది. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం కింద మొదలైన తొలి విమానాల్లో కడప-హైదరాబాద్ ఒకటి. సుమారు గంట ప్రయాణానికి సగం సీట్ల దాకా 2,500 రూపాయల పరిమితి, సంస్థకు వచ్చే లోటుకు ప్రభుత్వ సాయం. పరిమితి అన్ని సీట్లకూ కాదు కాబట్టి అక్కడ కూడా ముందుగా వచ్చినవాడిదే చవక సీటు. గోదావరి జిల్లాలవాళ్లు రాజమండ్రితో పాటు విశాఖ, గన్నవరం ధరలు కూడా చూసి, రైలు ఛార్జీ కలిపి పోల్చుకోవడం మంచిది.

నేరుగా వెళ్లే విమానం కన్నా మధ్యలో దిగి మారేది తరచు చవక. రెండుసార్లు ఎగిరి దిగడానికి ఖర్చెక్కువే, కానీ కాలం విలువైనవాడు దాన్ని ఎంచుకోడు కనుక ధర తగ్గించక తప్పదు. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లేవారికి దోహా, దుబాయ్, అబుదాబి, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ దారులు ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. అయితే ఆగస్టులో చదువులకు వెళ్లే పిల్లలతో, వేసవిలో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులతో అన్నీ నిండుతాయి. కాలేజీ తెరిచే రోజును విద్యార్థి మార్చలేడు. రిటైరైన తండ్రి మార్చగలడు. మనవణ్ణి చూడడానికి సెప్టెంబరు నెలాఖరున బయల్దేరితే ఆ టికెట్ లెక్కే వేరు.

ఈ తర్కాన్ని మరీ లాగి, చివరి ఊరికి టికెట్ కొని మధ్య ఊళ్లో దిగిపోయేవాళ్లున్నారు. ఇది సంస్థల షరతులకు విరుద్ధం. లగేజీ చివరి ఊరికి పోతుంది, మిగిలిన ప్రయాణమంతా రద్దవుతుంది. విడివిడిగా రెండు టికెట్లు కొని మధ్యలో మారడం తప్పు కాదు గానీ, మొదటి విమానం ఆలస్యమైతే రెండో సంస్థకు ఏ బాధ్యతా లేదు. అలా కొంటే రెంటి మధ్య కనీసం ఒక పూట ఖాళీ ఉంచుకోవాలి.

వంగినవాడికి డబ్బు

టికెట్ కొని రానివాళ్లు ఎప్పుడూ కొందరుంటారు కాబట్టి సంస్థలు సీట్ల కన్నా కొన్ని టికెట్లు ఎక్కువ అమ్ముతాయి. అందరూ వచ్చేస్తే? ఒకప్పుడు అమెరికాలో దింపెయ్యడానికి ఎవరో ఒకర్ని సంస్థే ఎంచేది. 1968లో జూలియన్ సైమన్ అనే ఆర్థికవేత్త, ఎంత ఇస్తే తర్వాతి విమానంలో వెళ్తారో ప్రయాణికులనే అడిగి, తక్కువ కోరినవాళ్లను ఆపమన్నాడు. సంస్థలు నవ్విపారేశాయి. పదేళ్ల తర్వాత, 1978లో, ప్రభుత్వ మండలి అధ్యక్షుడు ఆల్ఫ్రెడ్ కాన్ దాన్ని నిబంధనగా చేశాడు. తొందరలేనివాడు డబ్బు తీసుకుని ఆగుతాడు, తొందరున్నవాడు వెళ్తాడు. ఇద్దరూ సంతోషమే. ఇలా ఆగినందుకు తర్వాతి ప్రయాణం ఖర్చులు రాబట్టుకున్నవాళ్లు అక్కడి మనవాళ్లలోనూ ఉంటారు.

మనదేశంలో కూడా ముందు స్వచ్ఛందంగా ఆగేవాళ్లను అడగాలి. ఇష్టం లేకుండా ఆపేసి, గంటలోపు బయలుదేరే మరో విమానం చూపించకపోతే డీజీసీఏ నిబంధనల ప్రకారం పరిహారం ఇవ్వాలి. ప్రత్యామ్నాయం 24 గంటల్లోపైతే మూల ఛార్జీకి, ఇంధన ఛార్జీకి రెండింతలు, 10,000 రూపాయలు మించకుండా. అంతకన్నా ఆలస్యమైతే నాలుగింతలు, 20,000 మించకుండా.

ఈ నిబంధనల్లో చాలామంది వదిలేసే డబ్బు ఇంకొకటుంది. రీఫండ్ లేని టికెట్ రద్దు చేసినా, అసలు విమానమే ఎక్కకపోయినా, ప్రభుత్వ పన్నులు, విమానాశ్రయ ఫీజులు తిరిగి ఇవ్వాల్సిందే. చవక టికెట్‌లో ఆ వాటా తక్కువేమీ కాదు. అడగాలి.

గది లెక్క వేరు

విమాన సంస్థల విద్యను మారియట్ వంటి పెద్ద హోటల్ సంస్థలు అందిపుచ్చుకున్నాయి. అయితే గదికీ సీటుకీ మనకు పనికొచ్చే తేడా ఒకటుంది. చవక విమానం టికెట్‌ను రద్దు చేస్తే చాలావరకు డబ్బు పోతుంది. హోటల్ గదిని మాత్రం ఒకటి రెండు రోజుల ముందు దాకా ఉచితంగా రద్దు చేసుకునే షరతుతో తరచు అమ్ముతారు. అంటే ధర పెరిగితే మీ పాత ధర మీదే, తగ్గితే పాతది వదిలేసి కొత్త ధరకు తీసుకోవచ్చు. ఇలాంటి హక్కును షేర్ మార్కెట్‌లో డబ్బిచ్చి కొనుక్కుంటారు, హోటల్ చాలాసార్లు ఊరికే ఇస్తుంది. కాబట్టి గదిని ముందే రద్దు వీలుతో పట్టి పెట్టుకుని, ప్రయాణానికి వారం ముందు ఒకసారి, గడువు ముగిసే ముందు ఒకసారి ధర చూసుకోవాలి. గడువు తేదీ ఫోన్‌లో గుర్తు పెట్టుకోకపోతే ఈ హక్కే గుదిబండ అవుతుంది.

గిరాకీ దిక్కు ఇక్కడ కూడా చూడాలి. హైటెక్ సిటీ, గచ్చిబౌలి హోటళ్లు సోమవారం నుంచి గురువారం దాకా ఆఫీసు అతిథులతో నిండి, శని ఆదివారాల్లో పలచబడతాయి. అరకు, గోవా హోటళ్లు దానికి తలకిందులు. ఆఫీసులుండే నగరాలను వారాంతంలో, కొండలూ తీరాలూ వారం మధ్యలో చూడాలి.

పన్ను దగ్గర ఒక మెట్టు ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల దాకా ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, ఆ పైన 18 శాతం. 7,500 గదికి పన్నుతో కలిపి 7,875. 7,600 గదికి 8,968. వంద రూపాయల తేడా మనకు 1,093 రూపాయలుగా పడుతుంది! గీతకు కాస్త పైన ఉన్న గది కనబడితే, అల్పాహారం తీసేసి ధర తగ్గిస్తారేమో అడగడానికి ఒక్క ఫోన్ చాలు.

ఫోన్ చెయ్యడానికి ఇంకో కారణం కూడా ఉంది. యాప్ ద్వారా వచ్చిన అతిథి మీద హోటల్ గణనీయమైన కమిషన్ కట్టాలి. మరి నేరుగా వచ్చేవాడికి తగ్గించదేం? చాలాకాలం ఒప్పందాలు అడ్డుపడ్డాయి. యాప్‌లో పెట్టిన ధర కన్నా ఇంకెక్కడా తక్కువకు అమ్మకూడదని హోటళ్లను కట్టిపడేసినందుకూ, ఇతర అక్రమాలకూ భారత పోటీ కమిషన్ 2022 అక్టోబరులో మేక్‌మైట్రిప్-గోఐబిబోకు 223.48 కోట్ల రూపాయల జరిమానా వేసింది. యాప్‌లో ధర చూసి, హోటల్‌కే ఫోన్ చేసి, 'నేరుగా తీసుకుంటే ఎంతకిస్తారు?' అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. ధర తగ్గించకపోతే అల్పాహారమో, మంచి గదో, ఆలస్యంగా ఖాళీ చేసే వీలో ఇవ్వొచ్చు.

ఎవరి డబ్బు మిగులుతోంది?

ఈ లెక్క న్యాయమేనా? పూర్తి ధర కట్టే ఆఫీసు ప్రయాణికుడు లేకపోతే చాలా మార్గాల్లో విమానమే ఉండదు, మన చవక సీటూ ఉండదు. ఆ మేరకు అతను మన ప్రయాణాన్ని మోస్తున్నాడు. కానీ లిటిల్‌వుడ్ సూత్రానికి తొందర తెలుస్తుంది గానీ తొందర వెనుక కారణం తెలియదు. తండ్రి పోయాడన్న కబురు అంది దుబాయ్ నుంచి కరీంనగర్ బయల్దేరిన కూలీకీ, కంపెనీ డబ్బుతో మీటింగ్‌కు వెళ్లే మేనేజరుకీ అది ఒకే ధర చూపిస్తుంది. కంచె ఎవరి జేబునూ చూడలేదు, క్యాలెండర్‌ను మాత్రమే చూస్తుంది. కోవిడ్ కాలంలో, 2020 మే నుంచి 2022 ఆగస్టు దాకా, మన ప్రభుత్వం దేశీయ ఛార్జీలకు కింది హద్దు, పై హద్దు రెండూ పెట్టింది. పై హద్దు గత్యంతరం లేనివాణ్ణి కాపాడింది. కింది హద్దు బలహీన సంస్థల్ని కాపాడి, చవక సీటును మాయం చేసింది. ఒక చివర నొక్కితే రెండో చివర కదలక మానదు.

సరదా ప్రయాణికుడికి ఈ లెక్కలో అతి సుఖమైన చోటు దొరికింది. అతనికి తేదీ మార్చుకునే వీలుంది, వేళ మార్చుకునే వీలుంది, ఊరు మార్చుకునే వీలు కూడా ఉంది. సంస్థలు తగ్గింపు ఇస్తున్నది ఆ వీలుకే. కాబట్టి ప్రయాణం అనుకున్నప్పుడు మొదట రాసుకోవాల్సింది వెళ్లే ఊరూ తేదీ కాదు, వీటిలో ఏది మార్చుకోగలమో. ఏదీ మార్చుకోలేమని తేలితే చిట్కాల కోసం రాత్రుళ్లు మేలుకోవడం దండగ. కనబడిన ధరకు కొని నిద్రపోవడమే మంచిది.